వాళ్ల జాకెట్టు, మన పత్తి చేను
(జైనూర్‌లో పత్తి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి రైతుల సభలో జాకెట్ల కంపెనీల ముచ్చట ఎందుకని మీకు అనిపించొచ్చు. కొండలెక్కేవాళ్ల కోసం, మంచులో, వానలో తిరిగేవాళ్ల కోసం బట్టలు కుట్టే పెద్ద కంపెనీలు ఉన్నాయి. వాతావరణాన్ని కాపాడతామని ఎక్కువగా చెప్పేది కూడా వాళ్లే. ఇక్కడ మనం వాన పడితే యూరియా సంచి నెత్తిన కప్పుకొని కలుపు తీస్తాం. ఆ వాతావరణం దెబ్బ ముందుగా తగిలేది మనకే.

మన దగ్గర పత్తి వాన మీదే ఆధారం. మృగశిరలో తొలకరికి గింజ పెడతాం. ఆ తర్వాత వాన మొహం చాటేస్తే మొలక ఎండిపోయి, మళ్లీ గింజ కొనాల్సి వస్తుంది. కాయ పగిలే వేళ ముసురు పడితే పత్తి నల్లబడుతుంది. సీసీఐ లెక్కలో తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 శాతం దాటితే కొనుగోలే లేదు. ఆకాశం చేసిన తప్పుకు జరిమానా కట్టేది రైతు.

మరి బట్టల కంపెనీల బాధ్యత ఎక్కడుంది? ఒక అంగీ వల్ల గాలిలో కలిసే కాలుష్యంలో ఎక్కువ భాగం దుకాణంలో పుట్టదు. దారం తయారీలో, బొగ్గు మండించి నడిపే అద్దకం మిల్లుల్లో పుడుతుంది. జాకెట్లలో ఎక్కువగా వాడే పాలిస్టర్ పెట్రోలియం నుంచే వస్తుంది. మన చేను పాత్ర కూడా కొంత ఉంది. వేసిన యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 270 రెట్లు బలమైనది. కాబట్టి కంపెనీ తన ఆఫీసు మీద సోలార్ పలకలు పెట్టుకుంటే సరిపోదు. మిల్లు దాకా, చేను దాకా రావాలి.

వచ్చిన కంపెనీలు ఉన్నాయి. అమెరికాకు చెందిన ప్యాటగోనియా 1996లో తన పత్తి బట్టలన్నిటికీ సేంద్రియ పత్తికి మారింది. 2018లో మన దేశంలో 150 మందికి పైగా రైతులతో, నేల సారం పెంచే పద్ధతుల్లో పత్తి పండించే ప్రయత్నం మొదలుపెట్టింది. అంతర పంటలు, కంపోస్టు, తక్కువ దున్నకం ఆ పద్ధతులు. పత్తి సాళ్ల మధ్య కంది వేసిన మన పెద్దలకు ఇవి కొత్తవా? మన ఆదిలాబాద్ ప్రాంతంలోనే 2004లో మొదలైన చేతన ఆర్గానిక్ చిన్న రైతులను సంఘాలుగా కట్టి, సేంద్రియ పత్తిని బయటి మార్కెట్ దాకా తీసుకెళ్లింది. అంటే ఇది కాని పని కాదు.

అయితే భారం ఎవరి మీద పడుతుందో చూడాలి. సేంద్రియ ముద్ర రావాలంటే కనీసం రెండేళ్లు మందులు, రసాయన ఎరువులు మానాలి. మొదట్లో దిగుబడి తగ్గొచ్చు. ఆ రెండేళ్లు ముద్ర ఉండదు కాబట్టి మామూలుగా అదనపు ధరా రాదు. బీటీ గింజ వాడకూడదు, కానీ దుకాణాల్లో దొరికేది దాదాపు అంతా బీటీనే.

ఒక లెక్క చెప్తాను. క్వింటాల్ పత్తి జిన్నింగ్ చేస్తే సుమారు 33 కిలోల దూది వస్తుంది. ఒక టీషర్టుకు, తరుగుతో కలిపి, మన పత్తి ముప్పావు కిలో అనుకుందాం. 2025-26 పొడుగు పింజ మద్దతు ధర 8,110 రూపాయల ప్రకారం అది 61 రూపాయలు. రైతుకు 20 శాతం ఎక్కువిచ్చినా షర్టు మీద పడేది 12 రూపాయలే. ఆ కంపెనీలు ఒక్కో షర్టు వేల రూపాయలకు అమ్ముతున్నాయి.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. ఒకటి, మారే రెండేళ్లలో కూడా అదనపు ధర ఇవ్వాలి. రెండు, ఒక్క సీజన్ కాదు, కనీసం ఐదేళ్ల కొనుగోలు ఒప్పందం రాసివ్వాలి. మూడు, పంట పోయిన ఏడు నష్టంలో వాటా పంచుకోవాలి. నాలుగు, బీటీ కాని మంచి గింజకు, ఊళ్లలో పత్తి ఆరబెట్టే కల్లాలకు పెట్టుబడి పెట్టాలి.

కంపెనీలు చేస్తాయి కదా అని సర్కారును వదిలిపెట్టొద్దు. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేసి, దాన్ని డిసెంబర్ ఆఖరు దాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే రోజులవి. మద్దతు ధర, పంట బీమా, తేమ నిబంధన సడలింపు సర్కారు బాధ్యతలు.

ఈ మాటలు ఒక్కో రైతు విడిగా అడిగితే వినేవాడు ఉండడు. ఊరూరా సంఘంగా కూర్చొని, ఎంత భూమి, ఎంత పత్తి, ఎంత ఖర్చు అని కాగితం మీద రాసుకుందాం. కంపెనీ మనిషి వచ్చిననాడు ఆ కాగితం ముందుపెట్టి మాట్లాడదాం. భూమిని కాపాడే పని మనం చేస్తాం. ఆ పనికి కూలి గిట్టుబాటు కావాలి, అంతే.

జై కిసాన్!