చిన్న వర్తకులు, వారి గణకులు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యనుగూర్చి ప్రసంగింపుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. జీవితమంతయు పాఠశాలలో గడపినవారము గావున వారట్లు కోరుట సహజమే. అయితే నేడు మన కుటుంబములకు మిక్కిలి కావలసిన విద్య లెక్కవిద్య యని మా యభిప్రాయము. దుకాణముగాని, మగ్గముగాని, మండీగాని నడపువాడు తన లెక్కను ఎవరిచేత పెట్టవలయును? చట్టబద్ధమైన అర్హతగల చార్టర్డు అకౌంటెంటు చేతనా, అట్టి అర్హత లేని గుమాస్తా చేతనా? ఈ ప్రశ్ననే నేడు విచారింపదలచితిమి.

మన సీమ వ్యాపారసీమ. 1953వ సంవత్సరమువరకు బళ్లారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు జిల్లాలో చేరినది. ఆదోని ప్రత్తికిని, వేరుసెనగ నూనెకును పేరొందినది. ఎమ్మిగనూరు మగ్గములకు పేరొందినది. అచ్చట 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిరి. అట్టి సంఘమునకు లెక్కయే ప్రాణము. ఇచ్చిన నూలెంత, వచ్చిన బట్టయెంత, చెల్లిన కూలియెంత యను మూడును పొసగినప్పుడే నేతగానికి సంఘమునందు విశ్వాసము నిలుచును.

లెక్కయందు జాగరూకత మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున లెక్కల కార్యాలయమునకై ప్రత్యేకముగ నొక ప్రకరణమును వ్రాసెను. అధికారులు ధనమపహరించు ఉపాయములు నలువది యని యెంచి చూపెను. ఆనాటి తాటియాకులు పోయి నేడు కంప్యూటరు వచ్చినది. ఉపాయములు మాత్రము తగ్గలేదు.

ఇక చట్టమేమనుచున్నదో చూతము. 1949వ సంవత్సరపు చట్టముచే చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ ఏర్పడినది. ఆ సంస్థయందు సభ్యుడు కానివాడు తాను చార్టర్డు అకౌంటెంటునని చెప్పుకొనుట శిక్షార్హము. అకౌంటెంటు, టాక్సు కన్సల్టెంటు అను బిరుదములకు అట్టి కట్టడి లేదు; ఎవరైనను బోర్డు కట్టుకొనవచ్చును. కనుక బోర్డును చూచి అర్హతను నిశ్చయింపరాదు.

అయినను ప్రతి పనికిని చార్టర్డు అకౌంటెంటు అక్కరలేదు. చిట్టా వ్రాయుట, ఖాతాలకెక్కించుట, రొక్కపు నిలువ సరిచూచుట నమ్మకమైన గుమాస్తా చేయదగిన పనులు. 2017 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న జీఎస్టీ రిటర్నులను వర్తకుడే దాఖలు చేయవచ్చును. పేరు నమోదైన జీఎస్టీ ప్రాక్టీషనరుచేతనైనను చేయింపవచ్చును. రెండుకోట్లు మించినవారు జీఎస్టీ లెక్కలను అకౌంటెంటుచే ఆడిటు చేయింపవలయునను నిబంధన మొదట నుండెను గాని, 2021లో అది తొలగింపబడినది.

ఆదాయపు పన్ను విషయము వేరు. వర్తకుని సాలీనా అమ్మకము కోటిరూపాయలు మించినచో చార్టర్డు అకౌంటెంటుచే లెక్కలు పరీక్షింపించుట సామాన్యనియమము. నగదు రాకడయు పోకడయు నూటికి 5 మించనివారికి ఈ హద్దు 10 కోట్లు. 2 కోట్లలోపు అమ్మకముగల చిన్నవర్తకుడు అమ్మకముపై నూటికి 8, బ్యాంకుద్వారా వచ్చిన సొమ్ముపై నూటికి 6 చొప్పున లాభమును ఒప్పుకొని పన్ను చెల్లించినచో పరీక్ష తప్పును. కమీషను వ్యాపారమునకు ఈ సౌలభ్యము లేదు. మన మండీవర్తకులు దీనిని ముఖ్యముగ గమనింపవలయును. కంపెనీగా నమోదైనచో, అది యెంత చిన్నదైనను, ఆడిటు తప్పదు.

గుమాస్తాను తక్కువచేయుట మా యుద్దేశ్యము గాదు. తూకము, తరుగు, హమాలీ, కమీషను మొదలగు మార్కెట్టు మర్మములు అతనికి కరతలామలకములు. ఒక దృష్టాంతము చెప్పెదము. రైతునుండి నేరుగా కొన్న ముడిప్రత్తిపై జీఎస్టీని అమ్మిన రైతు గాక, కొన్న రిజిస్టరు వర్తకుడే చెల్లింపవలయునని 2017 నవంబరునుండి నియమము గలదు. ప్రత్తిబేరమునందు ఆరితేరిన గుమాస్తాకు ఇది కంఠస్థము. ప్రత్తి యెరుగని పట్టణపు అకౌంటెంటు పుస్తకము తిరుగవేసి చూడవలసివచ్చును. కావున పట్టా యొక్కటే పాండిత్యము కాదు.

కాని గుమాస్తా తప్పినచో దండుగ చెల్లించువాడెవడు? వర్తకుడే. రిటర్నుపై నున్న పేరు వర్తకునిది. నోటీసు వచ్చునది వర్తకుని యింటికి. మా యెరుకలోని యొక చిన్నవర్తకుడు నెలనెల పన్ను సొమ్మును తన లెక్కలవానిచేతికి నగదుగా నిచ్చుచుండెను. రశీదు అడుగలేదు. రహస్యపదము లెక్కలవానియొద్ద, సందేశములు వచ్చు ఫోను నంబరును లెక్కలవానిదే. కొంతకాలమునకు సొమ్ము చెల్లలేదని తెలిసినది. అప్పటికి ఆ మనుష్యుడు ఊరు విడిచెను. వర్తకుడు అసలును, వడ్డీని, రుసుమును మరల చెల్లింపవలసివచ్చినది. కుమార్తె వివాహమునకై కూడబెట్టినది దానికే సరిపోయినది.

చార్టర్డు అకౌంటెంటు తప్పుచేయడా? చేయవచ్చును. అయితే అతనిపై ఫిర్యాదు చేయుటకు ఒక సంస్థ గలదు; అతని సభ్యత్వము పోవచ్చును. గుమాస్తాపై నట్టి అదుపు లేదు. ఈ భేదమునకే మనము హెచ్చు రుసుము చెల్లించుచున్నాము. పుస్తకములు చూడని అకౌంటెంటు సంతకమును దళారి తెచ్చియిచ్చుట మరియొక యపాయము. 2019నుండి వారి ధ్రువపత్రములపై 18 అంకెల గుర్తింపుసంఖ్య యుండవలయును. దానిని ఆ సంస్థవారి వెబ్‌సైటునందు ఎవరైనను సరిచూడవచ్చును. సంఖ్య లేని సంతకమును స్వీకరింపకుడు.

ఇక నొక కఠినవాక్యము. మనలో పెక్కుమంది గణకుని యెన్నుకొనుట అర్హతను చూచియు గాదు, అనుభవమును చూచియు గాదు; మనవాడని. మనవాడైనచో రశీదు అడుగుట మర్యాద కాదందుము. అడుగకపోవుటచేతనే బంధుత్వములు చెడినవి. మనవాడు చక్కగ పనిచేసినచో అతనికే యిత్తము. కాని లెక్క అడిగియే యిత్తము. లెక్క అడుగుట అవమానము కాదు, స్నేహమునకు రక్ష.

మా మనవి సంగ్రహముగ నిది. దినవారీ పద్దు గుమాస్తాచే వ్రాయింపుడు. రహస్యపదమును, ఫోను నంబరును మీ స్వాధీనమందుంచుకొనుడు. పన్నును మీ బ్యాంకు ఖాతానుండియే చెల్లించి రశీదును భద్రపరపుడు. ఆడిటు విధిగా నున్నచో అకౌంటెంటు తప్పదు. విధిగా లేకున్నను, పెద్ద అప్పునకు పోవునప్పుడును, భాగస్వామిని చేర్చుకొనునప్పుడును, నోటీసు వచ్చినప్పుడును అతని సలహా పొందుడు. ఆ రుసుము రాబోవు దండుగకంటె స్వల్పము.

తుదకు సంఘమువారికి రెండు విన్నపములు. సంఘనిధి చందాదారుల సొమ్ము. దాని లెక్కలను చార్టర్డు అకౌంటెంటుచే పరీక్షింపించి, ప్రతివత్సరము ఈ సంచికయందే ప్రకటింపవలయును. ఇతరులకు చెప్పు ధర్మమును మొదట మనమాచరించుట యుక్తము. రెండవది: ఇంటరు ముగించిన పేదవిద్యార్థులలో లెక్కలయందు చురుకైన వారిని, బాలికలను సైతము, ఈ చదువునకు పంపి, ఉత్తీర్ణులగువరకు పోషింపవలయును. పరీక్షలు కఠినములు, పెక్కుమంది నడుమ ఆగిపోవుదురు. కనుక సాయము ఒక యేటితో ఆగరాదు. అట్లు చదివి వచ్చినవారు ఆదోనియందో ఎమ్మిగనూరునందో స్థిరపడినచో, చిన్నవర్తకుడు కర్నూలుకు పరుగిడవలసిన యక్కర తగ్గును.

దాతలు ఈ విన్నపములను ఆలకింతురని నమ్ముచు విరమించుచున్నాము. సర్వే జనాస్సుఖినో భవంతు.