గుత్తా జ్వాల ఆట, మన హక్కుల మాట

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి మాట్లాడమంటే మొదట జంకాను. కూలి రేట్లు, రేషన్ కార్డులు, వరకట్న హింస, ఇన్ని సమస్యలుండగా బ్యాడ్మింటన్ ఎందుకనుకున్నాను. కాని కుప్పం నుంచి వచ్చిన ఒక అక్క మాట నన్ను ఆలోచింపజేసింది. ఆమె పుట్టింది తమిళనాడులో. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా సంఘంలో అప్పు అడిగినప్పుడల్లా 'అరవామె' అనే అంటారట. మూడు రాష్ట్రాలు కలిసే చోట బతికే మనకు ఇది కొత్త కాదు. అందుకే గుత్తా జ్వాల గురించి చెప్తాను.

జ్వాల 1983లో వార్ధాలో పుట్టింది. తండ్రి తెలుగువాడు. తల్లి యెలాన్ చైనా నుంచి వచ్చిన స్త్రీ. హైదరాబాదులో ఆరిఫ్ గారి దగ్గర ఆట నేర్చుకుంది. శ్రుతి కురియన్‌తో కలిసి 2002 నుంచి 2008 దాకా వరుసగా జాతీయ డబుల్స్ గెలిచింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో అశ్వినీ పొన్నప్పతో కలిసి బంగారు పతకం తెచ్చింది. ఫైనల్లో వాళ్లు ఓడించిన సింగపూర్ జంటలో ఒకరు ఇండోనేషియాలో, మరొకరు చైనాలో పుట్టినవారు. పుట్టిన నేల వదిలి వచ్చి మరో జెండా కింద ఆడే స్త్రీలు ఈ ఆటలో ఎందరో ఉన్నారు. 2011లో ఈ జంటే ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచింది. 1983లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ పోటీల్లో మనకు దక్కిన రెండో పతకం అదే. 2012 ఒలింపిక్స్‌లో ఆమె రెండు విభాగాల్లో ఆడింది.

ఇంత చేసినా డబుల్స్ ఆటగత్తెకు సింగిల్స్ వాళ్లకున్న విలువ లేదు. 2013లో కొత్త లీగ్ వేలంలో జ్వాల, అశ్వినిల కనీస ధరను 50 వేల డాలర్ల నుంచి సగానికి తగ్గించారు. ముందుగా తమకొక మాటైనా చెప్పలేదని జ్వాల బహిరంగంగా నిలదీసింది. అదే ఏడాది లీగ్‌లో వచ్చిన వివాదంపై క్రమశిక్షణ సంఘం ఆమెపై జీవితకాల నిషేధానికి సిఫార్సు చేసింది. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఆడనివ్వమంది. మరుసటి ఏడాది గ్లాస్గోలో వెండి పతకం గెలిచింది.

నోరున్న ఆడదానికి మనవాళ్లు వెదికే ఆయుధం ఆమె పుట్టుక. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆమెను 'సగం కరోనా' అన్నారు. దేశానికి పతకాలు తెచ్చినప్పుడు నిండుగా మన అమ్మాయి. ప్రశ్నించినప్పుడు సగం చైనా అమ్మాయి!

చట్టం కూడా తల్లిని చాలాకాలం సగం మనిషిగానే చూసింది. విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి ద్వారానే భారత పౌరసత్వం వచ్చేది. తల్లి ద్వారా కూడా వచ్చే హక్కు 1992 చివర్లో గాని దక్కలేదు. జ్వాల ఇక్కడే పుట్టింది కనుక ఆ ఇబ్బంది రాలేదు. ఇక రాష్ట్రం దాటి కోడలిగా వచ్చిన దళిత స్త్రీ పుట్టింటి కుల ధృవీకరణతో ఇక్కడ రిజర్వేషన్ అడిగితే చెల్లదంటారు. ఇది మన ముందున్న సమస్య.

ఈ మదనపల్లెలోనే 1919లో ఐర్లండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ జనగణమనకు స్వరం కూర్చింది. ఓటు హక్కు కోసం మన స్త్రీలతో కలిసి పోరాడింది. ఆమెను పరాయిదనగలమా?

మనం చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి, బడుల్లో ఆడపిల్లలకు ఆట సమయం, స్థలం అడుగుదాం. ఒక్క కోర్టు గీస్తే డబుల్స్‌లో నలుగురు ఆడొచ్చు. రెండు, 2013 లైంగిక వేధింపుల చట్టం క్రీడా సంస్థల్ని, స్టేడియాల్ని కూడా పనిచోటుగా లెక్కిస్తుంది. శిక్షణకు వెళ్లే పిల్లల తల్లులకు ఈ సంగతి చెప్పాలి. ఫిర్యాదు కమిటీ ఉందా అని అడగాలి. మూడు, మన సంఘానికి వచ్చిన స్త్రీని 'నీది ఏ ఊరు?' అని కాక 'నీకేం జరిగింది?' అని ముందు అడుగుదాం.

కుప్పం అక్క ఈ సభలోనే ఉంది. ఈసారి ఆమె అప్పు దరఖాస్తు వచ్చినప్పుడు ఆమెను పేరు పెట్టి పిలవండి. మార్పు అక్కడ మొదలు కావాలి.