పంటి మీద తెల్లమచ్చ – తల్లిదండ్రులకు ఒక మనవి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



మేము డాక్టర్లము కాము, ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లము. అయినా పండ్ల గురించి మాట్లాడటానికి కారణముంది. మూడో తరగతి పిల్లవాడొకడు నవ్వినప్పుడు పైపండ్ల మీద, చిగురు పక్కన, సున్నం అద్దినట్టు తెల్లమచ్చలు కనిపించేవి. పండ్లు సరిగ్గా తోముకోలేదని మందలించి ఊరుకున్నాము. మరుసటి ఏడు అదే చోట గుంటలు పడ్డాయి. నొప్పితో దవడ పట్టుకుని, వారం రోజులు బడికి రాలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాము – ఆ తెల్లమచ్చే పిప్పిపన్నుకు మొదటి గుర్తు అని, మాన్పుకోగలిగిన సమయమూ అదేనని. మా పొరపాటు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

పన్నుకు పురుగు పట్టిందని మన ఇళ్లలో అంటుంటారు. నిజానికి పురుగేమీ లేదు. నోట్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులుంటాయి. మనం తిన్న చక్కెర, బెల్లం, బిస్కట్ల నుంచి అవి ఆమ్లాన్ని తయారు చేస్తాయి. పంటి పైపొర ఎనామెల్. శరీరంలోకెల్లా గట్టి పదార్థం అదే. అది కాల్షియం, ఫాస్ఫేటులతో ఏర్పడింది. పంటి మీద పి.హెచ్. సుమారు 5.5 కంటె తగ్గితే ఆ లవణాలు కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆమ్లాన్ని తగ్గించి, లవణాలను తిరిగి పంటికి చేరుస్తుంది. ఈ రాకపోకలు రోజంతా జరుగుతూనే ఉంటాయి. పోయేది ఎక్కువై వచ్చేది తక్కువైతే తెల్లమచ్చ. దాన్ని వదిలేస్తే గుంట.

టూత్‌పేస్టు ఉపయోగపడేది ఇక్కడే. అందులోని ఫ్లోరైడు, లవణాలు తిరిగి చేరడాన్ని త్వరపెడుతుంది. అట్లా బాగుపడిన పొర ఆమ్లాన్ని మునుపటికంటె ఎక్కువగా తట్టుకుంటుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడు పేస్టును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. అయితే గుంట పడ్డాక ఏ పేస్టూ దాన్ని పూడ్చలేదు. ఎనామెల్‌లో జీవకణాలు లేవు గనుక చర్మంలాగ మళ్లీ పెరగదు. అప్పుడిక పంటి డాక్టరు దగ్గరికి పోవలసిందే.

"మాస్టర్‌సాబ్, ఫ్లోరైడు అంటే నల్లగొండ నీళ్లే గదా?" అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగి, ఆ జిల్లాలో ఎందరికో ఎముకలు వంగిపోయాయి. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నాగపూరులోని నీరి సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టింది. కాని కడుపులోకి పోవడం వేరు, పంటికి రాయడం వేరు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పేస్టులో అయితే మన దేశపు నిబంధనల ప్రకారం 1000 పి.పి.ఎం. దాకా ఉండవచ్చు. అందుకే పేస్టు మింగరాదు. పసిపిల్లలు రోజూ మింగితే, చిగుళ్ల లోపల తయారవుతున్న పండ్లకు మచ్చలు రావచ్చు. మూడేండ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆరేండ్ల వరకు బఠాణీ గింజంత చాలు. పెద్దవాళ్లు దగ్గరుండి తోమించాలి.

మిస్వాక్ మానండని మేము అనము, అది సున్నత్. వుజూ చేసుకుంటూ రోజూ నోరు పుక్కిలించే మనకు శుభ్రత కొత్తగాదు. మిస్వాక్‌తో గాని వేపపుల్లతో గాని బాగా తోమితే పంటి పాచి పోతుంది. తెల్లమచ్చకు కావలసిన ఫ్లోరైడు మాత్రం పేస్టుతో అందుతుంది. కాబట్టి రెండూ ఉంచుకోండి. పేస్టు ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది గనుక రాత్రిది తప్పనిసరి. తోమాక నురుగు ఉమ్మేయండి, గ్లాసెడు నీళ్లతో పుక్కిలించి మందును కడిగేయకండి. రంజాన్‌లో సహరీ ముగిశాక, అజాన్‌కు ముందే ఒకసారి తోముకుంటే రోజాకు ఇబ్బంది ఉండదు.

పన్ను పీకించుకోవడానికి జైనూర్ నుంచి ఉట్నూరుకో ఆసిఫాబాదుకో పిల్లవాణ్ణి ఏడిపిస్తూ తీసుకుపోవడం కంటె, చిన్న పేస్టు ట్యూబు ఎంతో చవక. ఏడాదికొకసారి పంటి డాక్టరును పిలిపించి బడిపిల్లలకు పరీక్ష చేయించాలని సంఘం పెద్దలను కోరుతున్నాము. మీరు మాత్రం ఈ రాత్రే పిల్లల పెదవి ఎత్తి, మంచి వెలుతురులో చూడండి. తెల్లమచ్చ కనిపిస్తే భయపడకండి, డాక్టరుకు చూపించండి. ఇంకా సమయం మించిపోలేదు.

అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, నిండు నవ్వును ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.