పెంపకపు ఇంట్లో మాట కలిస్తేనే పంట



పంట చెడితే గుడ్లను నిందిస్తాం. కూలివారికి మనం ఏమి చెప్పామో మాత్రం చూసుకోం.

పురుగు గూడు కట్టేలోపు 4 సార్లు జ్వరానికి కూర్చుంటుంది. అప్పుడు ఆకు వేయవద్దని చెప్పి ఊరుకోకండి. దాదాపు అన్నీ లేచాకే మేత వేస్తే ఒకే ఈడుగా పెరిగి, ఒకేసారి గూడు కడతాయని కారణం చెప్పండి.

పాలు కారే పురుగును చూసినామె తిట్లకు భయపడి దాచిందంటే రోగం తట్టంతా పాకుతుంది. చెప్పినవారిని మెచ్చుకోండి. ఆ పురుగులను వెంటనే ఏరించి, బ్లీచింగు పొడి, సున్నం కలిపిన నీటిలో వేయించండి.

పక్క టమోటా తోటకు మందు కొట్టారా? ఆ గట్టువైపు ఆకు కోయవద్దని పొద్దున్నే చెప్పండి.

సందేహముంటే తమకలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. పురుగులను చూసే కూలివారినీ వెంట తీసుకెళ్లండి.