టెథిస్: సముద్రం పోయింది, నెట్టుడు పోలేదు

ఈ ఎపిసోడ్ నారాయణఖేడ్‌లో మా ఇంటి నుంచే చేస్తున్నా. ఎందుకంటే ఈ కథ నాకు మొదట చెప్పింది మా నాయనమ్మ.

1993 సెప్టెంబర్ 30. తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. నేనింకా పుట్టలేదు. "గూట్ల గిన్నెలు గలగలమన్నయి బిడ్డా, మంచం ఊయల లెక్క ఊగింది. దొంగలొచ్చిండ్రేమో అనుకున్న" అంటుంది నాయనమ్మ. తెల్లారాక రేడియోలో విన్నారు. ఇక్కడికి పడమరన సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర భూకంపం. వినాయక నిమజ్జనం చేసొచ్చి పడుకున్న ఊళ్లు. దాదాపు 10,000 మంది చనిపోయారు.

నాకు చిన్నప్పటి నుంచి ఒకటే డౌట్. హిమాలయాలు ఎక్కడ, మనమెక్కడ? దక్కన్ అంటే గట్టి నేల కదా? అప్పటి భూకంపాల మ్యాప్‌లో కూడా కిల్లారి అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న జోన్ 1లో ఉంది. మరి ఎందుకు వచ్చింది?

దీనికి జవాబు కావాలంటే మాయమైపోయిన ఒక సముద్రం గురించి తెలుసుకోవాలి. దాని పేరు టెథిస్. 1893లో ఆస్ట్రియా జియాలజిస్టు ఎడువర్డ్ సూస్ గ్రీకు సముద్ర దేవత పేరు దానికి పెట్టాడు.

15 కోట్ల ఏళ్ల క్రితం మన భారతదేశం ఆసియాలో లేదు. దక్షిణాన అంటార్కిటికా, ఆఫ్రికాల పక్కన ఉండేది. మనకీ ఆసియాకీ మధ్య ఉన్న నీళ్లే టెథిస్.

"ప్రూఫ్ ఏది బ్రో?" అంటారా? మా పూజ గదిలోనే ఉంది. నాయనమ్మ రోజూ పూజించే సాలగ్రామం. ఇవి నేపాల్‌లో కాళీ గండకి నదిలో దొరుకుతాయి. లోపల చక్రంలా కనిపించేది అమ్మోనైట్ అనే సముద్ర జీవి గుల్ల. చూడ్డానికి నత్తలా ఉంటుంది కానీ ఆక్టోపస్‌కి చుట్టం. టెథిస్ అడుగున బురదలో కూరుకుపోయి రాయిగా మారింది, ఇప్పుడు హిమాలయాల్లో బయటపడుతోంది. నాయనమ్మకి అది విష్ణుమూర్తి, నాకు సముద్రం ఆనవాలు. ఇద్దరం భద్రంగానే చూసుకుంటున్నాం.

మరి సముద్రం ఎటు పోయింది? ఎండిపోలేదు. మన ప్లేటు ఉత్తరానికి కదులుతుంటే, టెథిస్ అడుగున ఉన్న రాతి పలక ఆసియా కిందికి దూరి లోపలికి దిగిపోయింది. ఒక దశలో మన స్పీడు ఏడాదికి 15 సెంటీమీటర్ల పైనే. మన గోళ్లు ఏడాదంతా పెరిగేది అందులో నాలుగో వంతు. ఆ ప్రయాణంలోనే, 6.6 కోట్ల ఏళ్ల క్రితం, నేల చీలి లావా పొరలు పొరలుగా పరుచుకుంది. మా ఊరి నల్లరాయి, అది అరిగి అయిన నల్లరేగడి, రెండూ అప్పటివే. అమ్మోనైట్లు అంతరించిపోయింది కూడా ఆ కాలంలోనే.

సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం మనం వెళ్లి ఆసియాని గుద్దుకున్నాం. సముద్రం మూసుకుపోయింది, దాని అడుగు మడతలు పడి పైకి లేచింది. లోపలికి దిగిపోయిన పలక ముక్కలు ఏమయ్యాయి? డాక్టర్లు స్కానింగ్ చేసినట్టు, భూకంప తరంగాలతో భూమి లోపల వెతికారు. 1999లో ప్రచురించిన పరిశోధనలో అవి సరిగ్గా మన దేశం కిందే, వెయ్యి కిలోమీటర్లకి పైగా లోతులో కనిపించాయి. అంటే ఆ ముక్కలు మునిగాక మనమే వాటి మీదుగా ఉత్తరానికి వచ్చేశాం.

అసలు విషయం ఇప్పుడు వినండి. సముద్రం అయిపోయింది కానీ కదలిక ఆగలేదు. మన ప్లేటు ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతూనే ఉంది. ముందు ఆసియా అడ్డం, వెనక నుంచి నెట్టుడు. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగదు, మన దక్కన్ రాయిలోకీ వస్తుంది. లోపల ఎక్కడైనా పాత పగులు ఉంటే అక్కడ జారుతుంది. కిల్లారిలో జరిగింది అదేనని శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే కారణం. 2002లో మ్యాప్ మార్చి జోన్ 1నే తీసేశారు. అంటే, దేశంలో అస్సలు భయం లేని చోటంటూ లేదని.

కానీ ఫ్రెండ్స్, కిల్లారి భూకంపం తీవ్రత 6.2 మాత్రమే. అంతమందిని చంపింది ఇళ్లు. మట్టితో పేర్చిన నల్లరాతి గోడలు, పైన అడుగు నుంచి రెండడుగుల దాకా మట్టి కప్పు. గోడ బయటి పొరనీ లోపలి పొరనీ కలిపి పట్టే పొడవు రాళ్లు లేవు. ఊగగానే పొరలు విడిపోయాయి, బరువంతా పడుకున్నవాళ్ల మీద పడింది.

మా పాత ఇల్లు కూడా అలాంటిదే. అందుకే పోయిన ఎండాకాలం నాన్నతో గొడవపడి మరీ కప్పు మీది మట్టి దింపించా, గోడల పైన చుట్టూ కాంక్రీట్ బెల్ట్ పోయించా. "ఇన్నేండ్లు ఏం కాలేదు కదరా" అన్నాడు నాన్న. నాయనమ్మే నా వైపు మాట్లాడింది. ఆ రాత్రి ఆమెకి గుర్తుంది కదా.

భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వాట్సాప్‌లో డేట్ చెప్పేవాళ్లని నమ్మకండి. లైక్, షేర్ తర్వాత కొట్టొచ్చు. ముందు మీ ఊళ్లో తాతల నాటి రాతి ఇల్లు ఉంటే, ఒకసారి తల పైకెత్తి కప్పు చూడండి. కింద ఎవరు పడుకుంటున్నారో కూడా చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!