అనాతోతులో కొన్న పొలం



డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మనమందరం వాగ్దాన కార్డు తీసుకుంటాము. యిర్మీయా 29:11 వచ్చినవారి ముఖం వెలిగిపోతుంది. దానికి పై వచనాన్ని మాత్రం ఎవరూ కార్డు మీద అచ్చు వేయించరు. అక్కడ 70 సంవత్సరాలు అని ఉంది! బబులోనులో ఆ ఉత్తరం విన్న పెద్దలెవరూ అంతకాలం బ్రతకరు. హనన్యా అనే ప్రవక్త మాత్రం రెండేళ్ళలో అన్నీ తిరిగి వచ్చేస్తాయని ప్రకటించాడు. జనానికి ఏ మాట నచ్చి ఉంటుందో వేరే చెప్పాలా? నేటికీ రెండేళ్ళ ప్రవక్తల సభలే నిండుతున్నాయి.

ఇప్పుడు 32వ అధ్యాయానికి రండి. యెరూషలేము ముట్టడిలో ఉంది. యిర్మీయా సిద్కియా రాజు చెరలో ఉన్నాడు. అప్పుడు బాబాయి కొడుకో, పెదనాన్న కొడుకో, హనమేలు వచ్చి అనాతోతులో ఉన్న తన పొలం కొనమంటాడు. చుట్టూ శత్రుసైన్యం ఉండగా పొలం ఎవరు కొంటారు? యిర్మీయా కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల చేత సంతకాలు చేయించాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, వేయనిది ఒకటి బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ పనంతా అయ్యాకే దేవుని ముందు తన కలవరం వెళ్ళబోసుకున్నాడు. మనమైతే అనుమానాలన్నీ తీరాకే సంతకం పెడతాము.

మేము ఒక యౌవనుల కూటంలో ఈ సంగతి చెబుతుంటే ఒక చెల్లెలు లేచింది. "అయ్యగారూ, తాతయ్య కాలం నుంచి ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని ప్రార్థన చేస్తున్నాం. ఏం నెరవేరింది?" అంది. మాకు వెంటనే జవాబు తోచలేదు.

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా మీకు తెలిసిందే. సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో దాన్ని సవరించారు. దళిత క్రైస్తవులూ దళిత ముస్లిములూ బయటే మిగిలారు. మతాన్ని బట్టి పెట్టిన ఆ షరతు తీసివేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన పేట మారలేదు, పిలుపు మారలేదు. మరో మాట కూడా ఒప్పుకోవాలి: సమాధుల తోటలో కులం గోడ కట్టుకున్న సంఘాలు మనలోనే ఉన్నాయి. ఆ గోడకు ఏ ఉత్తర్వూ కారణం కాదు. దాన్ని కూల్చడానికి పార్లమెంటు అక్కర్లేదు.

ఫలానా సంవత్సరంలో ఫలానా సవరణ వస్తుందని దేవుడు మనకు చెప్పలేదు. అలా చెప్పేవాడు హనన్యాకు తమ్ముడు. బాధింపబడినవారి మొర వింటానని, వారికి న్యాయం తీరుస్తానని ఆయన చెప్పాడు. మనం పట్టుకోవలసినది ఆ మాట.

ఆ చెల్లెలికి అనాతోతు తరువాతి కథ చెప్పాము. యిర్మీయా ఆ పొలంలో ఒక్క పంట కోసినట్టు లేఖనాల్లో లేదు. చివరికి ఆయన్ని ఐగుప్తుకు తీసుకుపోయారు. అయితే కోరెషు ఆజ్ఞ తరువాత చెర నుండి తిరిగి వచ్చినవారి జాబితా ఎజ్రా 2వ అధ్యాయంలో ఉంది. పేర్లూ అంకెలే కదా అని మనం దాటేసే అధ్యాయం. 23వ వచనం చూడండి: అనాతోతువారు 128 మంది. వారిలో హనమేలు మనవలున్నారో లేదో, ఆ కుండ ఎవరికైనా దొరికిందో లేదో రాయబడలేదు.

మా దగ్గర ఒక ఇనుప పెట్టె ఉంది. పెద్దలు ఎన్నో ఏళ్ళుగా ఇచ్చిన అర్జీల నకళ్ళు, రసీదులు అందులో ఉన్నాయి. కొన్నిటికి చెదలు పట్టింది. వాటిని సంవత్సరాల వారీగా సర్ది, ఫోటోలు తీసి భద్రం చేస్తావా అని ఆ చెల్లెలిని అడిగాము. వచ్చే శనివారం ఇద్దరు స్నేహితుల్ని తీసుకుని వస్తానంది.