ఐఐటీ సీటుకు ర్యాంకొక్కటే చాలదు

జేఈఈ మెయిన్‌లో పై 2,50,000 మందిలో ఉంటేనే అడ్వాన్స్‌డ్ రాయనిస్తారు. అదీ వరుస రెండేళ్లలో రెండుసార్లే. మంచి ర్యాంకొచ్చినా ఇంటర్ మార్కులు అడ్డుపడొచ్చు. 75 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65. అంత రాకపోయినా, బోర్డులో తమ కేటగిరీలో పై 20 పర్సంటైల్‌లో ఉంటే సరిపోతుంది. ఈ లెక్కలో భాషా సబ్జెక్టు మార్కులూ కలుస్తాయి. ‘ఎంపీసీ పిల్లాడికి ఇంగ్లిష్‌తో పనేముంది’ అనే పెద్దలు కాస్త ఇటు వినండి!

అసలు తిప్పలు సర్టిఫికెట్లతో. కేంద్ర జాబితాలో ఉన్న బీసీ కులాల పిల్లలు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కేంద్రం నమూనాలోనే తేవాలి. అది సీటు కోరే ఏడాది ఏప్రిల్ 1న గానీ, ఆ తరువాత గానీ ఇచ్చినదై ఉండాలి. నిరుటిది బీరువాలో భద్రంగా ఉన్నా పనికిరాదు. ఏప్రిల్ రాగానే మీసేవలోనో, సచివాలయంలోనో దరఖాస్తు పెట్టేయండి.